పడమటికి సాగిన వసారా

జపాను విమానాలు రంగూన్ రేవు మీద బాంబులు వేసిన మర్నాడు, మా వసారా పడమటికి సాగడం మొదలవుతుంది. పొద్దున పది అడుగులు. మధ్యాహ్నానికి దాని చివర కొండలు కనిపిస్తున్నాయి.

నా పేరు గవరమ్మ. బియ్యం మిల్లులో నూకలు చెరుగుతాను. నా మొగుడు అసిరయ్య రేవులో బస్తాలు మోస్తాడు. విశాఖపట్నంలో ఓడెక్కి ఇక్కడికొచ్చి పదకొండేళ్లయింది. ఈ యుద్ధం ఎవరెవరికో మాకు తెలీదు.

"ఓలే, ఇల్లే ఎలిపోతంది. మనం ఉండి సేసేదేటి?" అంటాడు అసిరయ్య.

గంపలో బియ్యం, చింతపండు సర్దుకుని వసారాలోనే నడుస్తాం. మాతోపాటు మిల్లంతా నడుస్తోంది. ఎన్నాళ్లు నడిచినా నెత్తిమీద మా రేకుల కప్పే. దాని కిందే అడవి, వాగులు, జలగలు. దారి పక్కన పడుకున్నవాళ్లు లేవడం లేదు. వాళ్ల ముంతలు మాత్రం మేలుకుని మమ్మల్నే చూస్తున్నాయి.

పన్నెండో రోజు అసిరయ్యకి వాంతులు, విరేచనాలు. గంటగంటకీ చిన్నవాడైపోతున్నాడు. సాయంత్రానికి గంపలో పట్టేస్తాడు. బియ్యం పారబోసి ఆయన్ని ఎత్తుకుంటాను.

"బియ్యం పారబోసీసినావా?" గంపలోంచి కోప్పడతాడు. "నువ్వు తింటే కదేటి నన్ను మొయ్యగలవు!"

వసారా మధ్యలో బల్ల వేసుకుని ఒక గుమస్తా కూర్చున్నాడు.

"గంపలో ఏముంది?"

"మా ఆయన, బాబూ."

"బతికున్నాడా?"

"ఇందాక కోప్పడ్డాడు."

కాగితం మీద 'కోపం, ఒకటి' అని రాసుకుని పొమ్మంటాడు.

తెల్లారి చూస్తే గంపలో ఆయన లేడు. బరువు మాత్రం ఉంది, నిన్నటికంటే ఎక్కువగా. గంప లోపల చేత్తో తడుముతాను. "అసిరయ్యా" అని అడవిలోకి పిలుస్తాను. మొగుణ్ని పేరు పెట్టి పిలవడం నాకిదే మొదటిసారి. గంప మళ్లీ నెత్తికెత్తుకుని నడుస్తాను.

చిట్టగాంగులో వసారా తెగిపోతుంది. అక్కణ్నుంచి రైలు. ఊరు చేరేసరికి అత్త గుమ్మంలో నిలబడి ఉంది.

"నా కొడుకేడే?"

చెప్పడానికి నోరు తెరుస్తాను. నోట్లోంచి ఒక ముసలమ్మ దిగుతుంది, నెత్తిన మూటతో, బురద కాళ్లతో. దారి పక్కన పడుకుని లేవని మనిషే. ఆమె వెనక మిల్లు మేస్త్రి. ఆ వెనక నాకు తెలియని మనుషులు, ఒకరి వెనక ఒకరు, దప్పికతో. అత్త వాళ్లందరికీ నీళ్లు పోస్తూ, ఒక్కొక్కరి గడ్డం ఎత్తి చూస్తోంది. పొద్దు వాలుతోంది. నా దవడలు లాగేస్తున్నాయి.

అసిరయ్య ఇంకా రాలేదు. నోరు తెరిచే ఉంచాను.