కంచె ఇవతల నుంచి తీసిన ఫొటో

నాకు నోరు పెద్దది, లెన్సు చిన్నది. భువనగిరిలో స్టూడియో పెట్టిన పదేళ్లూ ఒక్క నార్మల్ లెన్సుతోనే నెట్టుకొచ్చాను. అది తిరగదు, పెరగదు. మొహం పెద్దగా కావాలంటే మనమే నడిచి మనిషి దగ్గరికి పోవాలి. పంతొమ్మిదొందల అరవై ఏడులో హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన జూమ్ లెన్సు కొన్నాను. ఉన్నచోటే నిలబడి రింగు తిప్పితే దూరపు మొహం దగ్గరికొచ్చేస్తుంది. కటకం కొన్నాక ఇంట్లో కటకటే మిగిలిందని మా ఆవిడ రాజమణి అంటే, జూమ్ ఉన్నవాడిదే జులుం అని బజారంతా వినబడేలా నవ్వాను.

ఆ వేసవిలోనే ఎల్లస్వామి వచ్చాడు. మోత్కూరు దగ్గరి ఊరు, అక్కడి మాలవాడలో మొట్టమొదట బడిపంతులైనవాడు. వాళ్ల అవ్వ సైదమ్మ నడవలేదట. ఇన్నేళ్ల బతుకులో ఒక్క ఫొటో లేదట. ఇంటికొచ్చి, మొహం బాగా కనబడేలా తీయాలన్నాడు.

సరేనన్నాను. తెల్లారి సంచి సర్దుతూ రెండు లెన్సుల ముందు చాలాసేపు కూర్చున్నాను. ముసలి మొహానికి నార్మల్ లెన్సే మేలు, గీత గీతా తెలుస్తుంది. కానీ దానితో మూడడుగుల దగ్గరికి పోవాలి. అంటే వాకిట్లోకి. వాకిట్లోకి పోతే మంచం వేస్తారు, కూర్చుంటే నీళ్లిస్తారు. మాది మగ్గాల ఇల్లు. ఆ నీళ్లు తాగొచ్చానని తెలిస్తే మా అమ్మ ఊరుకోదనుకున్నాను. నెపం అమ్మ మీద వేశాను గానీ జంకు నాదే. జూమ్‌నే సంచిలో పెట్టుకున్నాను.

మాలవాడలో వాళ్ల వాకిలి చుట్టూ ఉన్న కంపకంచె ఇవతలే ఆగి, ఇది కొత్త పద్ధతి, దూరం నుంచే తీయాలని ఎల్లస్వామికి చెప్పాను. పంతులు కదా, సైన్సు అనగానే నమ్మాడు. గుడిసె ముందు కూర్చున్న సైదమ్మ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"గా సారు ఆడనే నిలవడ్డడేందిరా?"

"గది కొత్త మిషినవ్వా. దూరంకెల్లే దగ్గర సూపెడ్తది."

నేను నోరు మూసుకుని ఫొటో తీసుకోవచ్చుగా. నీకూ నాకూ దూరమే లేదవ్వా అని కంచె మీద నుంచి అరిచి, నా మాటకు నేనే నవ్వాను.

చీకటిగదిలో కాగితం మందునీళ్లలో వేస్తే మొదట సైదమ్మ మొహం తేలింది. రింగు సగమే తిప్పినట్టున్నాను, మెల్లమెల్లగా పక్కన వాకిలి కూడా తేలింది. ఉతికిన దుప్పటి పరిచిన మంచం, ఖాళీగా. దాని పక్కన తోమిన చెంబు, చెంబు మీద బోర్లించిన గాజు గిలాస. కంచె దగ్గర నా కంటికి ఆననివి లెన్సుకు ఆనాయి. మంచం, చెంబు వదిలేసి మొహం వరకే మరో ప్రింటు తీశాను.

ఎల్లస్వామి వచ్చి ప్రింటు చూశాడు. అవ్వ మొహం మంచిగ వచ్చిందన్నాడు. తర్వాత అడిగాడు.

"మీ కోసరం మంచమేసి, చెంబు తోమి పెట్టింది అవ్వ. గవి పడలేదా సారు?"

పడలేదన్నాను. మొదటి ప్రింటు ఇంకా బల్ల మీదే ఆరుతోంది. అతను దాన్ని చూశాడు. తన ప్రింటు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి ఆదివారం, ఎవరూ పిలవకుండానే, నార్మల్ లెన్సు పట్టుకుని పోయాను. కంచె దాటి సైదమ్మకు మూడడుగుల ముందు నిలబడ్డాను. మంచం గోడకు నిలబెట్టి ఉంది. ఎల్లస్వామి గుడిసెలో నుంచి బయటికి రాలేదు. ఇంకో ఫొటో తీస్తానని చెప్పి, గొంతు ఎండిపోతోంది, నీళ్లివ్వమని అడిగాను.

ఆమె నన్ను తేరిపార చూసింది.

"గిలాస పక్కింటి కిష్టమ్మది సారూ. నువ్వొస్తవని అడిగి తెచ్చిన. గా దినమే ఇచ్చేసిన."

చెంబుతోనే తాగుతానన్నాను. ముందు ఫొటో తియ్యమంది. తీశాను. మీట నొక్కేటప్పుడు ఆమె లెన్సును చూడలేదు, నన్నే చూసింది. ఆ తర్వాత నీళ్ల మాట ఆమె ఎత్తలేదు, రెండోసారి అడగడానికి నాకు మొహం చెల్లలేదు. బస్సు దాకా దాహంతోనే నడిచాను.