గోడ వార గింజలు

కరీంనగర్ పాత గంజ్ గోడలు మొదట ఏ రంగులో ఉండేవో చెప్పగలిగినవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. మిరపకాయల ధూళి, బెల్లం జిడ్డు, పసుపు, మనుషుల చెమట అన్నీ కలిసి వాటికొక రంగు వచ్చింది. ఊరి నడుమ, ఎడ్లబండి మలుపుకోవడానికి చోటులేని ఇరుకులో ఉండేది ఆ గింజల బజారు. పొద్దెక్కిందంటే బండ్లు ఒకదానికొకటి తట్టుకునేవి, బండివాళ్లు ఒకరి తాతల్ని ఒకరు తిట్టుకునేవారు. దాన్ని ఊరి బయటికి తీసుకుపోవాలని మార్కెట్ కమిటీవాళ్లు అనుకోవడంలో తప్పేమీ లేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తరువాత నాకు కోపం వస్తే చెప్పే ఓపిక ఉండదు.

గంజ్‌లో గింజ కింద పడకుండా వ్యాపారం సాగదు. హమాలీ బస్తాకు కొక్కెం గుచ్చితే కొన్ని రాలతాయి, కాంటా మీద బస్తా ఊగితే మరికొన్ని. కింద పడ్డ గింజ రైతుదీ కాదు, సేటుదీ కాదు, ఊడ్చేదానిది. ఇది ఎక్కడా రాసిపెట్టి లేదు. నిజాం ఉన్నప్పుడూ అంతే, రజాకార్ల గడబిడలోనూ అంతే, ఆంధ్రప్రదేశ్ వచ్చాక కూడా అంతే. ఒక్కో దుకాణం ముందు ఒక్కో ఆడమనిషి ఊడ్చేది. ఆమె తరువాత ఆమె కూతురో కోడలో ఆ చీపురు పట్టేది.

రైతుల గింజ అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే రాయమల్లు సేటు అడ్తి దుకాణం ముందు ఊడ్పు దేవవ్వది. వాకిట్లో ఊడ్చినవి మన్ను కలిసినవి కాబట్టి చెరిగి కోళ్లున్నవాళ్లకు అమ్ముకునేది. గోడ వార చేరినవి మాత్రం అమ్మేది కాదు. దొర్లిపోయి గోడకు ఆనుకున్న గింజ మీద ఎవరి కాలూ పడదు. అది ఇంటి గింజ, ఆ సాయంత్రమే విసిరి వండుకోవాలి. పాత గోడల సున్నం రాలి ఆ గింజలు తెల్లగా ఉండేవి. చాటలో చెరిగి, నోటితో ఊది, విసుర్రాయిలో పోసేవారు. కాస్త మిగిలితే మాత్రం ఏమైంది, ఆకులో వేసుకుని తినే సున్నమేగా అనుకునేవారు.

ఇంకొక ఆచారం ఉంది. కొత్త చోట గోడ వార ఎత్తిన తొలి గింజలతో రొట్టె చేస్తే, రేపు ఆ చీపురు పట్టబోయే పిల్లే మొదట తినాలి. పిల్ల తిన్నాకే తల్లి తినాలి. అట్లా తింటేనే ఆ చోటు పిల్లదవుతుంది. దేవవ్వను కూడా వాళ్లమ్మ అట్లాగే పక్కన కూర్చోబెట్టుకుని తినిపించింది.

దేవవ్వ కూతురు అనసూర్యకు చిన్నప్పుడు జ్వరం తగిలి ఎడమకాలు చచ్చుబడింది. నాట్లకు పోలేదు, కలుపుకు పోలేదు, నెత్తిన గంప పెట్టుకుని పది అడుగులు నడవలేదు. కూర్చుని జరుగుతూ ఊడ్వడం ఒక్కటే చేయగలిగేది. నోరు మాత్రం రెండు కాళ్ల పనీ చేసేది.

"సేటూ, నీ కాంటా కూడ నా లెక్కనే ఒకదిక్కు ఒరుగుతుంది, జర చూసుకో" అనేది. రాయమల్లు సేటు పొట్ట ఊగేలా నవ్వి ఒక బెల్లం ముక్క విసిరేవాడు. చెడ్డవాడు కాదు. ఈ కథలో నాకు మింగుడుపడనిది అదే.

కొత్త గంజ్‌కు ఇచ్చిన జాగా మూతపడ్డ ఇటుక బట్టీలది. అన్నీ గోతులు, సర్కారు తుమ్మలు, చచ్చిన పశువుల ఎముకలు. పట్టపగలు కూడా అటువైపు ఎవరూ పోయేవారు కాదు. గోతులు పూడ్చి, తుమ్మలు కొట్టి, వరసగా దుకాణాలు కట్టారు. నేలంతా సిమెంటు చేసి గోడలకు తెల్లగా సున్నం వేశారు. చూసినవాళ్లు పెళ్లిపందిరి లెక్కన ఉందన్నారు.

పాత గంజ్‌లో ఆఖరి బస్తాలు బండికెక్కుతున్న రోజు దేవవ్వ సేటు దగ్గరికి పోయింది.

"నన్నెప్పుడు రమ్మంటవు సేటూ?"

సేటు తల గోక్కున్నాడు. "ఆడ ఊడ్చెటోళ్లు ఉండరు దేవవ్వా. కమిటోళ్లే జీతపు మనుషులను పెడుతరట. బయటోళ్లను లోపటికి రానియ్యద్దని చెప్పిండ్రు."

"నేను బయటిదాన్నెట్ల అయిన?"

"నేనేం జేస్త చెప్పు. నా చేతుల లేదు."

"నా సంగతి ఇడిసిపెట్టు. ఇంకో ఇంట్ల బాసన్లు తోముకొని బతుకుత. నేను పోయినంక నా బిడ్డ ఏం తిని బతుకుతది?"

సేటు బస్తాల తాడు బిగించాడు. బండి కదిలితే బండి వెంట పోయాడు. ఊడ్చే ఆడవాళ్లలో చాలామంది అప్పటికే ఏడ్చి ఊరుకున్నారు. దేవవ్వ ఏడవలేదు. ఆమెది మొండి ప్రాణం, అందరూ అనేవారు. ఆ మొండితనమే అనసూర్యను ఇంతకాలం కాపాడింది.

కొత్త గంజ్ తెరిచే రోజు తెల్లవారకముందే, హమాలీ గట్టయ్య తోపుడుబండి మీద అనసూర్యను కూర్చోబెట్టుకుని దేవవ్వ అక్కడికి చేరింది. గట్టయ్య ఆమెకు వరుసకు తమ్ముడు. ముహూర్తానికి రాయమల్లు సేటు లక్ష్మీదేవి పటం రెండు చేతులా పట్టుకుని వచ్చేసరికి, గడపకు అడ్డంగా చీపురు పడుకోబెట్టి ఉంది. పక్కన దేవవ్వ కూర్చుని ఉంది.

చీపురును దాటి ఏ సావుకారీ దుకాణంలో కాలు పెట్టడు. చేతిలో లక్ష్మి ఉండగా అసలే పెట్టడు. పోనీ తీసి అవతల పారేద్దామంటే, చీపురు కూడా లక్ష్మే, ఆ పొద్దు ఆ పని చేసే ధైర్యం ఎవరికుంది?

"తియ్యి దేవవ్వా. ముహూర్తం దాటిపోతుంది."

"నా గోడ వార నాకియ్యి, తీస్త."

"కమిటోళ్లు ఊకుంటరా?"

"గోడ మూలకున్నయి ఏరుకుంటే కమిటోళ్లకు ఏం పోతది? వాకిలంత వాళ్లనే ఊడ్సుకోమను. నాకు గోడ వార సాలు."

పంతులు తొందరపెట్టాడు. పక్క దుకాణాలవాళ్లు గుమిగూడి నవ్వసాగారు. సేటు పటాన్ని రొమ్ముకు ఆనించుకున్నాడు. దేవవ్వ ముఖం వైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.

"సరే తీ. గోడ వార నీదే."

"నాది గాదు, నా బిడ్డది."

"నీ బిడ్డదే. తియ్యి తల్లీ, నీ కాల్మొక్త."

దేవవ్వ చీపురు తీసి కళ్లకద్దుకుంది. అనసూర్య తోపుడుబండి మీదినుంచే కేక వేసింది. "రా సేటూ, లోపటికి రా, గిది నీ దుకాణమే అనుకో!" అందరూ నవ్వారు. సేటు కూడా నవ్వాడు. దేవవ్వ జన్మలో అంత సంతోషపడ్డ రోజు ఇంకొకటి లేదు.

తొలి బేరం లక్సెట్టిపేట వైపు జొన్నలు. గట్టయ్య బస్తా దింపుతుంటే సేటు లోపలినుంచి అరిచాడు. "గోడకు ఆనియ్యకుండ్రి! నాలుగొద్దులు బస్తాలు గోడకు దూరం పెట్టుండ్రి!"

దేవవ్వ ఆ మాట విన్నది. సున్నం తడి ఇంకా ఆరలేదు కాబోలు అనుకుంది.

సిమెంటు నేల నున్నగా ఉండటంతో గింజ ఎక్కడ పడ్డా దొర్లి గోడకే చేరింది. పాత గంజ్‌లో ఎన్నడూ అన్ని గింజలు చూడలేదు వాళ్లు. గోడ పొడుగునా కింద తెల్లటి పొడి. అనసూర్య జరుగుతూ ఊడుస్తూ రెండుసార్లు తుమ్మింది.

"కొత్త సున్నం గిట్ల వాసనొస్తదా అవ్వా?"

"కొత్త గోడలు గద బిడ్డా. పాతవడితే పోతది."

సాయంత్రం చెరిగారు, ఊదారు, విసిరారు. దేవవ్వ పొయ్యి ముందు కూర్చుని రొట్టె కొట్టింది. మొదటి రొట్టె అనసూర్యకు పెట్టింది. ఎల్లిపాయ కారంతో తిని ఇంకొకటి అడిగింది. "చేదున్నదవ్వా జర" అంది. "మాడినట్టుంది" అని దేవవ్వ ఇంకో రొట్టె కాస్త తక్కువ కాల్చి వేసింది. అదీ తిన్నది. తన రొట్టె దేవవ్వ పెనం మీద వేసేసరికి కళ్లు తిరుగుతున్నాయంది బిడ్డ. తరువాత వాంతులు మొదలయ్యాయి. తరువాత చేతులూ, ఆ చచ్చుబడ్డ కాలు కూడా, కొట్టుకోవడం మొదలుపెట్టాయి. గట్టయ్య అదే తోపుడుబండి మీద వేసుకుని దవాఖానాకు పరుగెత్తాడు. తెల్లవారేసరికి అనసూర్య లేదు.

పెనం మీద మాడిపోయిన రొట్టెను గట్టయ్య తెచ్చిస్తే డాక్టరు వాసన చూసి, పురుగుల మందు అన్నాడు.

గింజకు పురుగు పట్టకుండా కొత్త గంజ్‌లో గోడలన్నింటి అడుగున, తెరిచే ముందురోజే కమిటీవాళ్లు మందు పొడి చల్లారు. దుకాణాలవాళ్లందరికీ చెప్పారు. కాంటా పట్టేవాళ్లకు చెప్పారు. జీతపు మనుషులకు చెప్పి, నాలుగు రోజులు పనిలోకి రావద్దన్నారు. గోడ వార గింజలెత్తే ఆడవాళ్లకు మాత్రం చెప్పలేదు, ఎందుకంటే కమిటీ లెక్కలో కొత్త గంజ్‌లో అట్లాంటి ఆడవాళ్లు లేరు. ఈ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అనసూర్యను బొంద పెట్టేటప్పుడు దేవవ్వ ఆ చీపురును బిడ్డ పక్కన పెట్టింది. ఎవరూ వద్దనలేదు.

దినాలు అయ్యాక ఒకరోజు ఆమె కొత్త గంజ్‌కు పోయి రాయమల్లు సేటు గోడ వార కూర్చుంది. చేతిలో ఏమీ లేదు. అటు ఏ ఆడమనిషి వచ్చినా, మేక వచ్చినా, పిచ్చుక వాలినా చేయి ఊపి తరిమేది. హమాలీలు ఆమె చుట్టూ తిరిగిపోయేవారు. చివరికి సేటు వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. పాపం, మనిషి సగమై ఉన్నాడు.

"మందంత కడిగిపిచ్చిన దేవవ్వా. ఇప్పుడేం లేదు. గోడ వార నీదే, నువ్వున్నన్నొద్దులు నీదే."

దేవవ్వ ఆయనవైపు చూసింది.

"బస్తాలు దూరం పెట్టుమని గట్టయ్యకు చెప్పినవు."

"చెప్పిన."

"నేను చీపిరి అడ్డం పెట్టిన్నాడు, గంత సేపు నా మొఖం చూసుకుంట నిలవడ్డవు. గప్పుడు ఒక్కమాట జెప్తే నేనే తీసుకొని పోదును గద సేటూ."

రాయమల్లు సేటు ఏడ్చాడు. దుకాణాలవాళ్లంతా చూస్తుండగానే ఏడ్చాడు.

"యాదికి రాలే దేవవ్వా. ఒట్టు, యాదికి రాలే."

అది నిజమే. దేవవ్వకూ తెలుసు అది నిజమేనని. సేటు లేచి లోపలికి పోయాడు. బండ్లు వస్తున్నాయి. కాంటా మీద బస్తా ఊగి కొన్ని జొన్నలు రాలాయి, దొర్లుకుంటూ వచ్చి ఆమె కాలిదగ్గర ఆగాయి. పైకప్పు మీదినుంచి ఒక పిచ్చుక దిగి వాటి వైపు గెంతింది.

దేవవ్వ చేయి అడ్డం పెట్టింది.

"పో బిడ్డా, పో. గవి మనయి కావు."