కింది రెండంగుళాలు

బుధవారం పొద్దున్నుంచి మా ఇంట్లో కింది రెండంగుళాలు లేవు.

మంచం కోళ్ళు నేలకు చేరకముందే ఆగిపోయి ఉన్నాయి. నీళ్ళ బిందెకు అడుగు లేదు; నీళ్ళు మాత్రం కారడం లేదు. గడప లేదు. నా భార్య ఝాన్సీ పొయ్యి దగ్గర నిలబడి చింతచిగురు పప్పు ఎనుపుతోంది. చీలమండల కింద ఆమెకు ఏమీ లేదు. మట్టెలు కూడా పాదాలతోపాటే పోయాయి. నాకూ అంతే. నడవడానికి ఇబ్బంది లేదు. అడుగు వేసినప్పుడు చప్పుడు రాదు, అంతే.

ఇవాళే ఆ బుధవారం, వైశాఖ పున్నమి. నేను బౌద్ధుల ఎనిమిది నియమాలు, అష్టశీలం, పట్టాను. మధ్యాహ్నం పన్నెండు దాటాక రేపు తెల్లవారేదాకా ముద్ద ముట్టను. ఇరవై ఏళ్ళుగా ప్రతి పున్నమికీ ఇలాగే ఉంటున్నాను. రోజూ తెల్లవారుజామున లేచి, గోడకు ఎదురుగా, వెన్ను నిటారుగా పెట్టి ఒక గంట కూర్చుంటాను. నాది ఏడో తరగతి చదువు. నాకు తెలిసిన ధర్మం ఆ కూర్చోవడమే.

"నేల ఏదయ్యా?" అంటుంది ఝాన్సీ, గరిటె దించకుండానే.

ముందు గదిలో చూసి వస్తానంటాను. ఏం చూడాలో నాకు తెలుసు.

ముందు గదిలో గోడకు కొండ ఉంది. నిన్న సాయంత్రం నేనే చట్రం కట్టి తగిలించాను. గుంటూరులో మాది పటాలు కట్టే కొట్టు. బొమ్మ వేసింది ఝాన్సీ తమ్ముడు సీమోను. మూడేళ్ళ కిందట భిక్షువుల చీవరం కట్టుకుని, ఉత్తరాన మంచుకొండల్లోకి పోయాడు. గొట్టంలో చుట్టి వాడు పంపిన ఈ బొమ్మ మొన్న సోమవారం పార్సిల్లో అందింది.

గుడ్డ మీద వేసిన బొమ్మ. నీలం కొండ వెనక నీలం కొండ, దాని వెనక ఇంకా నీలం కొండ, అన్నిటి వెనక ఒక్క తెల్ల శిఖరం. దేనికీ నీడ లేదు. నడుమ ఒక సరస్సు, అందులో ఏ కొండా కనిపించదు. ఒక తెల్ల గుర్రం వీపు మీద మండే మణిని మోసుకుని పోతోంది. తోలేవాడు లేడు. శిఖరానికి కాస్త కింద ఒక గుహ, గుహలో పసుప్పచ్చని వెలుగు, ఆ వెలుగులో కూర్చున్న మనిషి.

ఆ మనిషి సీమోనే. కూర్చుంటే వాడి ఎడమ భుజం కొంచెం వాలుతుంది. నిన్న చట్రం కట్టేటప్పుడు బొటనవేలి గోరంత ఉన్నాడు. ఇవాళ జీలకర్ర గింజంత అయ్యాడు.

పార్సిల్లో ఉత్తరం కూడా ఉంది, రెండు కాగితాలు. మొదటిది నా పేరున. నీలం అంటే శూన్యమనీ, తెలుపు నిబ్బానమనీ, అంటే నిర్వాణమనీ, సరస్సు దేన్నీ పట్టుకోని మనసనీ, గుర్రం ధర్మాన్ని మోసే గాలి అనీ రాశాడు. ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివాను. శూన్యానికి రంగెందుకు అన్న సందేహం ఒక్కటి మిగిలింది. రెండోది ఝాన్సీ పేరున ఉంది గనక చదవలేదు.

ఇప్పుడు ఆమె ఆ రెండో కాగితం తెచ్చి నా చేతిలో పెడుతుంది.

అక్కా, పున్నమి దాకా నేనేమీ తినను అని రాశాడు సీమోను. పున్నమి నాడు పన్నెండు లోపల నువ్వొచ్చి నీ చేత్తో నా చేతిలో పెడితే తింటాను. తిని, నీ వెంట దిగి ఇంటికి వస్తాను. నువ్వు రాకపోతే శిఖరం మీదికి పోతాను. అక్కణ్ణుంచి తిరుగు దారి లేదు. నిన్ను కూడా బొమ్మలో వేశాను, క్యారేజీతో సహా. దారి అడుగున మొదలవుతుంది.

"చట్రానికి బొమ్మని కోసేటప్పుడు అడుగున ఏముందో చూశావా?" అంటుంది.

రాళ్ళనుకున్నానని చెబుతాను.

"రాళ్ళు కాదు. నేను."

మా పనిలో ఒక అలవాటుంది. కట్టమని జనం తెచ్చేవి ఎక్కువగా కాలెండరు బొమ్మలు. దేవుడి కింద బట్టల కొట్టు పేరో ఎరువుల కొట్టు పేరో ఫోను నంబరుతో సహా ఉంటుంది. దాన్ని కోసేసి దేవుణ్ణి మాత్రం అద్దంలో పెడతాం. ఎవరూ చెప్పక్కర్లేదు, చెయ్యే కోస్తుంది. నిన్న కూడా చెయ్యే కోసింది. ఉన్న చట్రానికి బొమ్మ రెండంగుళాలు ఎక్కువైంది. పైన నిబ్బానం ఉంది. నడుమ మనసుంది. అందుకని అడుగు కోశాను.

మా తాతలు ఊరికి దిగువన బతికారు. ఆ దిగువన ఉండలేకే మా నాన్న బుద్ధుడి దగ్గరికి వచ్చాడు. ఈ సంగతి నేను ఝాన్సీతో అనను. ఆమె కూడా నాతో అనదు.

ఆమె అన్నం, పప్పు క్యారేజీలో సర్ది మూత బిగిస్తుంది. నేను అద్దం తీసి పక్కన పెడతాను. ఆమె స్టూలెక్కి బొమ్మలోకి చెయ్యి పెడితే మోచేతి దాకా పోతుంది; బయటికి తీస్తే గాజుల మీద మంచు. కాలు పెడితే మాత్రం ఏమీ తగలదు. రెండుసార్లు చూసి దిగుతుంది.

"కొండుంది. ఎక్కే చోటు లేదు" అంటుంది.

గడియారం తొమ్మిది చూపిస్తోంది. గుహలో సీమోను దారం ముక్కంత ఉన్నాడు.

కోసిన ముక్క ఎక్కడుందో నాకు గుర్తుంది. నిన్ననే మా ఊరి ఆసామి పూర్ణచంద్రరావు గారి ఫొటో కట్టాను. ఆయన పోయి నెల. అద్దంలో ఫొటో కదలకుండా వెనక మందానికి ఏదైనా పెడతాం. ఆ ముక్క పెట్టాను. ఫొటోని వాళ్ళింట్లో అందజేసి, మేకు కూడా నేనే కొట్టి వచ్చాను.

వీధి అంతా అడుగుతో సహా ఉంది. నా పాదాలే లేవు. పాలబండి అతను చూసి, మంచిదేలే ఈ ఎండకి అంటాడు.

పూర్ణచంద్రరావు గారి కోడలు వరండాలోనే ఆపుతుంది. ఏడాది తిరక్కుండా పోయినవాళ్ళ ఫొటో దించకూడదని చెబుతుంది. మాట్లాడుకోవాలంటే కిటికీలోంచి మాట్లాడుకోవచ్చు. లోపలికి పిలవనందుకు కారణం కూడా మర్యాదగానే చెబుతుంది.

"కాళ్ళు కడుక్కుని రమ్మందామంటే నీకు కాళ్ళు లేవు గదా."

అది నిజమే. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడతాను. హాల్లో ఎదురుగా, కొత్త దండ కింద, ఆయన ఉన్నారు.

"ఏరా ప్రేమానందం, నా వెనక ఆడమనిషెవరో నడుస్తోందిరా" అంటారు ఫొటోలోంచి.

మా ఆడదేనండీ అంటాను.

"బాగుంది. వీపున వెచ్చగా ఉంది. చింతచిగురు వాసన కూడా వస్తోంది. బతికున్నప్పుడు డాక్టరు పులుపు తిననిచ్చాడు కాదు."

ఆ ముక్క ఇప్పించమంటాను. బావమరిది ఆకలితో ఉన్నాడని, పన్నెండు దాటితే వాడు మాకు దక్కడని చెబుతాను. ఆయన శ్రద్ధగానే వింటారు. తన వెనక ఉన్నదేదైనా తనదేనని, ఊళ్ళో ఎప్పుడూ అంతేనని, ఇంటి వెనక పొలం, పొలం వెనక మా పల్లె, అన్నీ తన లెక్కేనని గుర్తు చేస్తారు. అయినా ఆకలి అన్నాక ధర్మం ఆలోచించాలంటారు. తీస్తే ఫొటో అద్దంలో ఊగుతుంది. అంత మందానిది ఇంకొకటి అక్కడ పెట్టాలి.

జేబులు వెతుకుతాను. కొలిచే టేపు తప్ప ఏమీ లేదు.

"నీ వీపుకున్నది తియ్యరా" అంటారాయన. "ఇరవై ఏళ్ళుగా కూర్చున్నావంట గదా."

చెయ్యి వెనక్కి పెట్టి తీస్తాను. తడి గుడ్డలా తేలిగ్గానే ఊడి వస్తుంది. ఇరవై ఏళ్ళ తెల్లవారుజాములు, నిటారుగా, ఒకదాని మీద ఒకటి. మడిచి, పని అలవాటు కొద్దీ టేపు పెట్టి కొలుస్తాను. సరిగ్గా రెండంగుళాలు ఉంది. ఇంకాస్త ఉంటుందనుకున్నాను.

కోడలు దాన్ని చెంగుతో పట్టుకుని తీసుకెళ్తుంది. ఫొటో దించకుండానే వెనక చెయ్యి దూర్చి మార్చి, గుడ్డ ముక్కని కిటికీలోంచి కింద పడేస్తుంది.

"గట్టిగానే ఉందిరా" అంటారు పూర్ణచంద్రరావు గారు. "కాకపోతే చల్లగా ఉంది."

ఇంటికి వంగి నడుస్తాను. వెన్ను ఇక నిలబడదు. ముక్కలో రాళ్ళున్నాయి, రాళ్ళ మధ్య దారి ఉంది, దారి మీద వీపు ఇటు తిప్పి ఒకామె క్యారేజీతో నిలబడి ఉంది. జడ ఝాన్సీదే.

పదకొండున్నరకి ముక్కను బొమ్మ అడుగున ఆనించి జిగురు పూస్తాను. ఇంట్లో నేల వస్తుంది. గడప వస్తుంది. మా ఇద్దరికీ పాదాలు వస్తాయి, మడమలకి రాతి దుమ్ముతో. ఝాన్సీ క్యారేజీ తీసుకుని, స్టూలెక్కి, దారి మీద కాలు పెట్టి లోపలికి పోతుంది. లోపలి ఆమె, ఈమె ఒకరే గనక చోటుకి ఇబ్బంది రాదు.

చురుగ్గా నడుస్తుంది. మూడు రాళ్ళు దాటి ఆగిపోతుంది.

నేను దగ్గరికి వంగి చూస్తాను. అతుకు బాగానే కుదిరింది. కొట్టులో నాకంటే బాగా అతికేవాడు లేడు. కాని ఏ కత్తీ తాను నడిచిన చోటుని కొంత తినకుండా పోదు. కత్తి అంచంత మేర, ఆ పక్క నుంచి ఈ పక్క దాకా, ఏమీ లేదు. అక్కడ నీలం కూడా లేదు. ఝాన్సీ దాని ఒడ్డున నిలబడి ఉంది.

గుహలో సీమోను లేస్తాడు. గుర్రాన్ని దాటి, సరస్సుని చుట్టి, అతుకు అవతలి ఒడ్డుకి వస్తాడు. అడుగడుక్కీ సన్నబడుతూ వస్తాడు. భిక్షాపాత్ర ముందుకు చాపుతాడు.

"పెట్టక్కా."

"అందట్లేదురా. ఇంకా చాపు."

"ఇంతే ఉందక్కా చెయ్యి."

ఆమె ఒక ముద్ద కలిపి, విసురుతాను పట్టుకో అంటుంది.

"విసిరింది పెట్టింది కాదక్కా."

ఇవ్వనిదాన్ని తీసుకోకూడదన్న శీలం నాకూ తెలుసు. అది ఒకరి సొమ్ము దొంగిలించకుండా ఉండడానికి పెట్టుకున్నది గదా, అక్క చేతి ముద్ద ముందు ఎండిపోవడానికా? అడగాలనుకుంటాను. వాణ్ణి అడగాలా, పైన తెల్లగా ఉన్నదాన్ని అడగాలా తెలియక అడగను.

వంతెనలా ఉంటుందని నా చిటికెన వేలు అతుకు మీద పెట్టబోతాను. వేలు కిందికి రాగానే ఇద్దరి మీదా చీకటి పడుతుంది. ఝాన్సీ తల పైకెత్తి, తియ్యమన్నట్టు చెయ్యి ఊపుతుంది. తీసేస్తాను. ముద్ద పట్టుకున్న ఆమె చెయ్యి అలాగే చాపి ఉంది, వాడి పాత్ర కూడా. రెండిటికీ మధ్య నేను కోసినంత ఉంది.

పొగాకు కంపెనీ సైరన్ మోగుతుంది. పన్నెండు.

సీమోను పాత్ర బోర్లించి చంకలో పెట్టుకుంటాడు. అక్కకి దండం పెడతాడు. నాకు కూడా పెడతాడు, బొమ్మలోంచి చూస్తే నేను ఏ వైపు ఉంటానో సరిగ్గా తెలియక కొంచెం పక్కకి. వెనక్కి తిరిగి ఎక్కుతాడు. గుహ దగ్గర ఆగడు. శిఖరం మీద కాసేపు గీతలా కనిపిస్తాడు, తరవాత తెలుపులో తెలుపు.

ఝాన్సీని పిలుస్తాను. ఏడుస్తోందేమో ఇక్కణ్ణుంచి తెలియదు, వీపే కనిపిస్తుంది. అప్పుడు ఒడ్డున కూర్చుని, గిన్నెలు వరసగా దించి, అన్నం మీద పప్పు వేసుకుంటుంది. చెయ్యి చాపి, తెల్ల శిఖరాన్ని రెండు వేళ్ళతో తుంచుతుంది. తమ్ముడు ఎదురుగా ఉంటే అందలేదు. శిఖరం దూరంగా ఉంది గనక ఉప్పురాయంత ఉంది, అందుకే అందింది.

దాన్ని పప్పన్నంలో నలిపి కలుపుతుంది.

ఏం చేస్తున్నావే అంటాను.

"వాడు దీంట్లోకే గదా పోయింది" అంటుంది, ముద్ద చేస్తూ. "ఇప్పుడు నేను తింటే వాడు తిన్నట్టే."

తింటుంది. శిఖరం అయ్యాక దాని ముందున్న నీలాన్ని తుంచుతుంది, తరవాత దాని ముందున్నదాన్ని. సరస్సుని దోసిట్లోకి తీసుకుని తాగుతుంది. గుర్రం మణితో సహా తనంతట తనే గిన్నెలోకి వస్తుంది. శూన్యానికి రుచి ఎలా ఉందని అడగబోతాను. ఆమె చివరి ముద్ద చేతిలో పట్టుకుని మొదటిసారి ఇటు తిరుగుతుంది. ఆ ముద్దలో గుహ ఉంది, పసుప్పచ్చని వెలుగు ఇంకా ఆరలేదు. నేను తెలియకుండానే నోరు తెరుస్తాను.

"నీకు వద్దులే. పన్నెండు దాటింది" అంటుంది, తను తినేస్తుంది.

ఇప్పుడు బొమ్మలో పైనంతా వట్టి గుడ్డ. అడుగున రెండంగుళాలు, రాళ్ళు, ఝాన్సీ. చీర లోపల ఆమె పొట్ట దీపం పెట్టిన కాగితపు బుట్టలా వెలుగుతోంది. దిగి రమ్మంటాను. ఆమె ఆవులించి, గిన్నెలు పక్కకి జరిపి, అటు తిరిగి పడుకుంటుంది.

పడుకున్న ఆమె నెమ్మదిగా పెరుగుతుంది. తుంటి చట్రం పై అంచు దాకా లేస్తుంది. చీర మడతలు లోయలవుతాయి, నీలం వాటంతట అదే వాటిలోకి దిగుతుంది. భుజం మీద మొదటి మంచు పడుతుంది. మెడ వంపులో ఒక గుహ తెరుచుకుంటుంది. నేను వంగిన వీపుతో, ముక్కు గుడ్డకి తగిలేంత దగ్గరగా నిలబడి లోపలికి చూస్తాను. అక్కడ ఎవరూ లేరు. నీళ్ళు చల్లి తుడిచిన విస్తరి ఒకటి వేసి ఉంది, దాని ముందు కూర్చోవడానికి చోటు ఖాళీగా ఉంది, ఎవరో ఇప్పుడే చేతులు కడుక్కుంటున్న చప్పుడు వస్తోంది.