రక్తంలో వెతికిన గుండెజబ్బు

ఆఫీసులో పిన్నికి కాలు ఒకచోట నిలవడం లేదు. కూర్చుంటుంది, లేస్తుంది, కంప్యూటర్ వంక చూస్తుంది, మళ్లీ కూర్చుంటుంది. అక్క కొడుక్కి ఇవాళ ఈతపోటీ. ఇంట్లో వాణ్ని చేప అంటారు. ఆ చేపే నిరుడు ఈదుతూ ఈదుతూ స్పృహ తప్పింది.

జన్యువు ఎక్కడ, ఎంత పనిచెయ్యాలో చెప్పే మీటలు మన కణాల్లో ఉంటాయి. మీట తాలూకు డీఎన్ఏలో ఒక్క అక్షరం మారితే ఏమవుతుందో అంచనా కట్టే సాఫ్ట్‌వేర్ పిన్ని వాళ్ల కంపెనీదే. చేపకి గుండె జన్యువు మీటలో ఒక అక్షరం మారి ఉంటే, ఆస్పత్రివాళ్లు దాన్ని ఈ సాఫ్ట్‌వేర్‌తోనే పరీక్షించి, ఏ భయమూ లేదన్నారు. ఇల్లంతా హమ్మయ్య అనుకుంది.

ఇందాక టీ దగ్గర పక్క సీటాయన నవ్వుతూ అన్నాడు: "మన సాఫ్ట్‌వేర్‌లో ఏ కణాలో ఎంచుకోవాల్సిన చోట ఆస్పత్రులవాళ్లు ఏమీ మార్చరండీ. ఏ జబ్బుకైనా రక్తకణాలే పెట్టి నొక్కేస్తారు."

పిన్ని టీ కప్పు అక్కడే పెట్టేసింది. రక్తంలో ఆ మీట ఎప్పుడూ ఆపేసే ఉంటుంది. ఆపేసిన మీట విరిగితే ఎవడికి తెలుస్తుంది, ఖర్మ! సీటుకి పరుగెత్తి, రక్తకణాల బదులు గుండెకణాలు పెట్టి సాఫ్ట్‌వేర్‌ని మళ్లీ నడిపించింది. నత్త నయం, ఇది కదలదే! ఫోన్ చేస్తే అక్క ఎత్తదు. చివరికి తెరమీద ఎర్రగీత పడింది. గుండెలో ఆ జన్యువు సగం కూడా పనిచెయ్యదట.

పిన్ని ఈతకొలను చేరేసరికి పిల్లలు గట్టుమీద వరసగా వంగి ఉన్నారు.

"అక్కా, వాణ్ని నీళ్లలోకి దిగొద్దను!"

"పిచ్చా నీకు? మీ సాఫ్ట్‌వేరే కదే ఏం లేదంది!"

"అది రక్తంలో చూసిందక్కా. గుండెలో చూస్తే వేరేగా ఉంది."

"అంటే జబ్బు ఖాయమా?"

"ఖాయం కాదు, అంచనా. డాక్టరు మళ్లీ చూడాలి."

"అంచనా కోసం వాడి కష్టమంతా నీళ్లపాలు చెయ్యమంటావా? రోజూ తెల్లారకముందే లేచి ఈదాడే!"

పోటీ నడిపే ఆయన ఈల నోట్లో పెట్టుకున్నాడు. పిన్ని అక్కని తోసుకుని వెళ్లి, చేప రెక్క పట్టుకుని ఒక్క లాగు లాగింది. ఈల మోగింది. మిగతా పిల్లలందరూ నీళ్లలోకి దూకేశారు.

"నీతో జన్మలో మాట్లాడను పిన్నీ!" వాడు వెక్కి వెక్కి ఏడ్చాడు.

"మాట్లాడకు నాన్నా, అలాగే" అంది పిన్ని. వాడు గింజుకుంటున్నా చెయ్యి వదల్లేదు. ఆమె వేళ్లు వాడి మణికట్టు దగ్గర నాడి వెతుక్కుంటున్నాయి.