గాజుపెట్టెలోని కీర్తిశేషురాలు

శ్రావణమాసారంభము. వేకువజామున నొక్కజల్లు కురిసి వెలిసిన పిమ్మట తూర్పుసముద్రముపైఁ బొడసూపిన బాలభానుని కిరణములు నీలమేఘశకలముల సందులనుండి వెల్వడి కడలికి నెదురుగా నున్న కొండమీఁది విశ్వవిద్యాలయసౌధశిఖరములకుఁ గుంకుమపూఁత పూయుచుండెను. వర్షజలస్నాతములైన సరుగుడుచెట్లు గాలికిఁ దల లూఁచుచు బొట్టుబొట్టుగా నీరు రాల్చుచుండెను. విద్యార్థులు తడిగొడుగులు ముడుచుకొని చెప్పుల బురదను మెట్లకు రాచుచు గ్రంథాలయమహాద్వారమున గుంపులు గూడుచుండిరి. నాఁడు నెల మొదటిదినము. గాజుపెట్టెలలోని ప్రదర్శనము మాఱెడు దినము.

ఆ గ్రంథాలయముఖమంటపమున నిలువెత్తు గాజుపెట్టెలు వరుసగా నమర్పఁబడి యుండెను. ప్రతిమాసము వానిలో నొక క్రొత్త ప్రదర్శనము పెట్టుదురు. ఒకనెల ప్రాచీననాణెములు, మఱియొకనెల తాళపత్రములు, ఇంకొకనెల యెవరో మహాపండితుని కలమును గండ్లజోడును గొట్టివేఁతలతో నిండిన చిత్తుప్రతులును. అయితే సంస్థాపకుల కాలమునుండియు నొక నియమము నడచుచున్నది. బ్రదికియున్నవారి కృతి యెంతటిదైనను ఆ పెట్టెలలోనికి రాఁగూడదు. వచ్చినచో సిఫారసులును అలుకలును గక్షలును బెచ్చుపెరుగునని పెద్దల భయము కాఁబోలు! మఱియొక యాచారమును గలదు. గతించినవారి సామగ్రిని బ్రదర్శించునపుడు దానిని జతపఱచి కూర్చినవాని పేరు చీటిమీఁద వ్రాయుదురు. ఆహా, చచ్చినవారియెడ మన పండితలోకమున కెంత ప్రేమ! ఊపిరి యాడుచుండఁగా నొక్క పలకరింపునకు నోఁచనివాఁడు ఊపిరి పోయిన మఱునాఁడే మహానుభావుఁడగును. ఈ చోద్యము నేను జాలసార్లు చూచితిని.

ఓగిరాల కాత్యాయనమ్మ యా విశ్వవిద్యాలయమునఁ దెలుఁగు బోధించి చిరకాలము క్రిందట విశ్రాంతి గైకొన్న విదుషి. వివాహము నొల్లక యౌవనమంతయు నామె జాలరిపల్లెల యిసుకలోఁ దిరిగినది. తెప్పకుఁ జుక్కానికిఁ దెఱచాపకు వలకు గాలికి నలకుఁ బల్లెపల్లెకు మాఱుచుండెడి పేళ్ళన్నిటిని అడిగి తెలిసికొని, ఒక్కొక్క మాట కొక్కొక్క అట్టముక్క చొప్పున వ్రాసి, ప్రక్కన బొమ్మ వేసి, వలముడులనైతే నిజమైన త్రాటితోనే ముడివేసి యట్టకుఁ గుట్టినది. ఉద్యోగము విడుచునాఁడా యట్టలన్నిటిని గ్రంథాలయమునకు దానము చేయఁగా వారు వానిని గిడ్డంగిలో వేసి మఱచిరి. ఇప్పుడామెకు నీటికాసులను నేత్రవ్యాధి. చూపు నానాఁటికి నంచులనుండి మూసికొని వచ్చుచు గొట్టములోనుండి చూచినట్లు నడుమ నొక్క చిన్నవెలుఁగుగా మిగిలినది. అదియు నిలువదనియు, పోయిన చూపు రాదనియు వైద్యులు తేల్చి చెప్పిరి. ఆ వెలుఁగు ఆఱిపోవులోపల తన యట్టలను గాజుపెట్టెలోఁ జూడవలెను, వానియెదుట నలుగురు నిలిచి చదువుచుండఁగాఁ జూడవలెను. ఇంతకుమించి యామె దేవుని గోరినది లేదు.

ప్రదర్శనాధికారి చిదంబరేశ్వరరావు ఆమె శిష్యుఁడే. ఆమె యింట నన్నము దిన్నవాఁడు, ఆమె వెంట నట్టలు మోసినవాఁడు. ఒకనాఁటి సాయంకాల మామె వాని గదికిఁ దడవికొనుచుఁ బోయి తన కోరిక చెప్పికొనెను. అతఁడు గురువును గుర్చీలోఁ గూర్చుండఁబెట్టి కాఫీ తెప్పించి బల్లమీఁది కాగితములు సర్దుచు నిట్లనెను.

“ఒక్క మాట చెప్తాను, కోప్పడకండి అమ్మగారూ. నియమం నేను మార్చలేను. కానీ చీటీ మీద కీర్తిశేషులు అని రాసేస్తే ఎవరూ అడ్డు చెప్పరు. మిమ్మల్ని ఎరిగినవాళ్ళు ఇప్పుడిక్కడ ఎవరున్నారు గనక?”

ఆమె పక్కున నవ్వెను. “పోనీలేవోయ్! కాగితం మీద చస్తే ఒళ్ళు నొప్పెడుతుందా? రాసెయ్!”

“అయితే ఆ నెలంతా మీరు ఇటువైపు రాకూడదు మరి.”

“భలేవాడివే! చూడ్డానికే గదటోయ్ ఈ తాపత్రయమంతా. నేను చూడకపోతే ఇంకెందుకూ?”

“ఆఖరి రోజు సాయంత్రం రిక్షా పంపించి నేనే తీసుకొస్తాను. తాళం తీసి అట్టలు మీ చేతికే ఇస్తాను, తనివితీరా చూసుకుందురుగాని. నాదీ పూచీ.”

ఆమె నమ్మెను. ఎంత తెలివితక్కువ! మాటల స్వభావము నెఱుఁగుటకే జీవితము ధారవోసిన మనిషి, అచ్చుపడిన మాటకు నోటిమాటకంటె బలము హెచ్చని యొక్కక్షణమైనఁ దలఁపలేదు.

ఆ శ్రావణారంభదినముననే ప్రదర్శన మారంభమయ్యెను. జనులు విరుగఁబడి వచ్చిరి. పత్రికలవారు బొమ్మలు దీసికొనిపోయిరి. దేశాంతరమునుండి క్రొత్తగా వచ్చిన యుపకులపతి దివాకరవర్మ యా యట్టలయెదుట నిలిచి నిలిచి మురిసిపోయి వెంటనే ముఖమంటపముననే సంతాపసభ చేయించెను. అందు నొక్కనిమిషము మౌనముఁ బాటించిరి. చిదంబరేశ్వరరావు గురుస్మరణము చేయుచుఁ గన్నుల రుమాలుతో నొత్తికొనెను. ఆ కన్నీ రబద్ధమని నేననఁజాలను. బ్రదికియున్న గురువుకొఱకు రాల్పని కన్నీటిని వాఁడు సభలోఁ జప్పట్లనడుమ ధారాళముగా రాల్చెను. సభానంతరమున నుపకులపతి జాలరుల భాషకై యొక క్రొత్తశాఖను నెలకొల్పెదననియు దానికి నతనినే యధ్యక్షునిఁ జేసెదననియుఁ బ్రకటించెను. అతఁడు పుట్టుకతోఁ గ్రూరుఁడు గాఁడు. చేతికందిన పదవిని విడువలేని సామాన్యుఁడు, అంతమాత్రమే. లోకమున జరిగెడి ఘోరములు పెక్కు లట్టివారి చేతులమీఁదనే జరుగును.

కాత్యాయనమ్మ యింట నా నెల యెట్లు గడచినదో యెవరికిఁ బట్టినది? ప్రతిదినము వేకువ లేచి యామె కిటికీవంకఁ జూచుకొనెడిది. నిన్న కనఁబడిన చువ్వ నేఁడు కనఁబడకుండెడిది. “కాస్త ఓపిక పట్టవే తల్లీ, ఇంకాస్త” అని తన కన్నులను దానే బ్రతిమాలుకొనెడిది. కడపటిదినమున నామె తలస్నానము చేసి గంజిపెట్టిన నేఁతచీర గట్టికొని వీథియరుగుపైఁ గూర్చుండెను. ప్రొద్దు వ్రాలెను. రిక్షా రాలేదు. వచ్చుచు పోవుచు నున్న ప్రతి చక్రపుసవ్వడికిని లేచి నిలువఁబడి మరలఁ గూర్చుండి, తుద కాఁగలేక యెవరినో బ్రతిమాలి బండి యెక్కి కొండపైకిఁ బోయెను.

ద్వారపాలకుఁ డప్పలస్వామి యామెను జూచి కొయ్యబాఱిపోయెను. పూర్వ మామె పుస్తకముల సంచిని బండిదాఁక మోసినవాఁడు వాఁడే.

“అమ్మగోరూ! మీరేటండీ? మీరు పోయినారని లోపల పటం ఎట్టి దండేసినారు గదా!”

“బతికే ఉన్నానురా అప్పలస్వామీ. అదంతా ఓ నాటకంలే. చెయ్యి పట్టుకో, లోపలికి తీసుకెళ్ళు.”

“మీ లైబ్రరీ కార్డు కొట్టీసినారమ్మా. లోపలికి ఒగ్గకూడదు…” అని వాఁ డొక్కక్షణము తడఁబడి, “సరే, రండి తల్లీ. మిమ్మల్నాపితే నాకు పాపం తగుల్తాది” అని చేయి పట్టి నడిపించుకొని పోయెను.

ఆమె మొగమును గాజున కానించి చూచెను. మిగిలిన చిన్నవెలుఁగులో మొట్టమొదట దెఱచాపబొమ్మ పడెను. తన చేతిగీఁత! తన యక్షరములు! ఏ యెండలో నే ముసలిజాలరి చెంతఁ గూర్చుండి వ్రాసికొన్నదో యంతయు నొక్కసారి మనసునకు వచ్చి యామె చిన్నపిల్లవలె గట్టిగా నవ్వెను. ఆ నవ్వు నవ్వుచునే చూపు క్రిందికి దింపి చీటి చదివెను. సేకరణ, కూర్పు: చిదంబరేశ్వరరావు. ఆమె ప్రక్కపెట్టెకుఁ బోయెను. అచ్చటను నదే. ఆపై పెట్టెకుఁ బోయెను. అచ్చటను నదే. కట్టకడపట దండవేసిన తన పటముక్రింద మాత్రము “కీర్తిశేషురాలు ఓగిరాల కాత్యాయనమ్మ. ఈ పరిశోధనకుఁ బ్రేరణ” అని యుండెను. 

“ఇదేమిటి! ఇవి నావి! ప్రతి ముక్కా నేను రాసింది! ప్రేరణేమిటి? నేను ప్రేరణేమిటిరా!” అని యామె యఱచిన యఱపు మంటపమంతయు మాఱుమ్రోఁగెను.

సరిగా నప్పుడే యుపకులపతి యతిథులను వెంటఁబెట్టుకొని ప్రదర్శనము ముగియకముందే చూపింప వచ్చుచుండెను. ప్రక్కన చిదంబరేశ్వరరావు. “ఎవరండీ ఈవిడ?” అని యుపకులపతి యడిగెను.

చిదంబరేశ్వరరావు మొగమున నెత్తురుచుక్క లేదు. నిజము చెప్పిన నప్పుడే చెప్పవలయును. చెప్పినచో శాఖయు నధ్యక్షత్వమును గౌరవమును ఆ నేలపైననే రాలును. అతఁడు మెల్లగా ననెను.

“మా గురువుగారి చెల్లెలండీ. అక్కగారు పోయినప్పటినుంచీ పాపం మతి స్థిమితంగా లేదు. తనే అక్కననుకుంటున్నారు.”

“నోర్ముయ్యరా! నాకు చెల్లెలెవరు? అప్పలస్వామీ, నువ్వు చెప్పు, నేనెవరినో చెప్పు!” అని యామె గాలిలోఁ జేతులు సాచెను.

ఉపకులపతి వానివంకఁ దిరిగెను. అప్పలస్వామి చిదంబరేశ్వరరావు కన్నులఁ జూచెను. ఆ కన్నులలో నేమి చదివెనో, అంతదాఁకఁ బట్టికొనియున్న యామె చేతిని మెల్లగా విడిచి “నాకు తెల్దు బాబూ. ఏడుస్తా వచ్చినారు, జాలేసి ఒగ్గినాను” అనెను.

ఆమె వెఱ్ఱిదానివలె నొక్కొక్క పెట్టెను దడవుచు లోపలి మాటలను జూడకయే చెప్పసాగెను. ఏ ముడి యే పల్లెదో, ఏ గాలిపేరు ఎవరి నోట విన్నదో గడగడ చెప్పెను. అది విని యొకరైనఁ దమ సందేహమును దీర్చికొందు రనుకొంటిరా? అతిథులలో నొకామె కన్నీరు వెట్టికొని, “అయ్యో, ఎంత ప్రేమండీ! అక్క రాసినవన్నీ కంఠస్థం చేసేసింది పిచ్చితల్లి!” అనెను. సాక్ష్యము చెప్పినకొలఁది పిచ్చి ముదిరినట్లు తోఁచుచుండఁగా నామె చెప్పుట మానెను.

దివాకరవర్మ దయార్ద్రహృదయుఁడు. ఆయన తనకుఁ గప్పనున్న పట్టుశాలువను దెప్పించి “అక్కగారి తరఫున మీరు తీసుకోండమ్మా” అని తన చేతులతో నామె భుజములఁ గప్పెను. అందఱును జప్పట్లు గొట్టిరి. ఆమె యా చప్పుళ్ళనడుమ శిష్యుని చేతికై తడవి తడవి పట్టికొని వానికి మాత్రమే వినఁబడునట్లు పలికెను.

“చిదంబరం, అట్టలు నువ్వే ఉంచుకో నాయనా. పదవీ నీదే. నీ నోటితో ఒక్కసారి నా పేరు చెప్పు. ఇంకేమీ అడగను.”

“పిన్నిగారూ, చీకటి పడుతోంది, ఇంటికి పోదాం రండి” అని యతఁ డామెను బండియెక్కించి వచ్చెను. మఱునాఁడు గాజుపెట్టెలలో రెక్కలు విప్పిన సీతాకోకచిలుకలు వెలసెను. జనులు వానిని జూడ వచ్చిరి.

ఆ పిమ్మట నామె యిల్లు కదలలేదు. కన్నులలోని వెలుఁగు భాద్రపదముననే యాఱినది. ప్రాణము మాత్రము కార్తికమున, మంచుకురియుచున్న యొక యుదయమునఁ బోయెను. ఆ వార్తను దెచ్చినవాఁ డప్పలస్వామి. ఉపకులపతి గదిలోఁ గ్రొత్తశాఖాధ్యక్షుఁడు చిదంబరేశ్వరరావు కూడఁ గూర్చుండి యుండెను. “ఆవేళ శాలువా కప్పినారు గదండీ, ఆ అమ్మగోరు పోయినారండి” అని చెప్పి వాఁడు ద్వారముకడ నొదిగి నిలిచెను.

“అయ్యో, ఆ చెల్లెలుగారా? సంతాపసభ ఏదైనా పెట్టాలేమో!” అని యుపకులపతి నొచ్చుకొనెను.

“అక్కగారికి పెట్టాం కదండీ. ఆవిడకిక్కడ ఉద్యోగమూ లేదు, రచనా లేదు. సంప్రదాయం ఒప్పదు.”

“అదీ నిజమే. పోనీ, దహనానికి ఒక పూలదండైనా పంపిద్దాం. ఇంతకీ ఆవిడ పేరేమిటి?”

 అబద్ధమును బుట్టించినవాఁడు దానికిఁ బేరు పెట్టుట మఱచియుండెను. “ఏమోనండీ, ఎప్పుడూ అడగలేదు” అనెను.

దండ పేరు లేకయే పోయెను. ఆమె పేరు చెప్పఁగలవా రా గదిలో నిద్దఱుండిరి. ఇద్దఱును జెప్పలేదు.