నాలుగో దెబ్బ

నేను ఒక గంటను. గుమ్మలపేట రైల్వే స్టేషన్లో నేను మోగితే పదిమైళ్ల అవతల కుండల్లో మజ్జిగ తొణికేదని చెప్పుకునేవారు. చెప్పుకున్నది నేనే లెండి. నిజానికి అరిగిపోయి పక్కన పారేసిన పట్టాలోంచి కోసిన గజం ముక్కను. ఇనుప తీగతో దూలానికి వేలాడదీశారు. ఎదురుగాలి వీస్తే టికెట్ల కిటికీ దాకా కూడా వినపడేదాన్ని కాను.

ముప్పయ్యేళ్లు నన్ను కొట్టింది, బండికి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ గవరయ్య. సన్న పట్టాల మీద నడిచే చిన్నబండి అవతలి స్టేషన్ వదిలిందంటే మూడు దెబ్బలు; అది రూలు. బండొచ్చి నిలిచాక, కూరగాయల గంపలతో ఆడవాళ్లు ఇంకా పొలంగట్ల మీద పరుగెత్తుకొస్తుంటే, మెల్లగా మరొక్కటి కొట్టేవాడు. అది ఏ రూలు పుస్తకంలోనూ లేదు. అయినా ఆ నాలుగో దెబ్బకి గార్డు ఎత్తిన పచ్చజెండా దించేవాడు.

"ఎవరయ్యా గవరయ్యా, మీ అత్తగారా?"

"మా అత్తయితే మూడుతోనే ఆపేద్దును బాబూ! వంకాయల గంపలొస్తన్నాయి, కూసింత ఆగండి."

తర్వాత వెడల్పు పట్టాల పెద్ద లైను వేశారు. అది ఊరికి దూరంగా పోయింది; చిన్నబండిని రద్దు చేశారు. చిన్నబండి ఆఖరి రోజున గట్ల మీద ఎవరూ లేరు. అయినా గవరయ్య నాలుగోది కొట్టాడు. గార్డు జెండా దించి చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత బండి వెళ్లిపోయింది.

స్టేషన్ కూల్చొద్దని ఊరంతా సంతకాలు చేసింది. జన్మలో టికెట్ కొనని మహానుభావులు కూడా కళ్లు తుడుచుకుంటూ చేశారు. మొదటి సంతకం గవరయ్యది. ఏడేళ్లు తిరగ్గా తిరగ్గా స్టేషన్ నిలిచింది. సున్నం కొట్టి మ్యూజియం చేశారు. నన్ను అద్దాల పెట్టెలో పెట్టారు. రైలెక్కడానికి కొనని టికెట్టు, రైలు రాని స్టేషన్ చూడ్డానికి వరసకట్టి కొన్నారు.

మొన్న గవరయ్య కర్ర ఊతంతో వచ్చాడు.

"ఒక్కటి కొట్టనీ తల్లీ," అని కాపలా అమ్మాయిని అడిగాడు.

"ముట్టుకోకూడదు తాతా. అయినా బండే లేదు కదా, ఎవరికోసం?"

"బండి నేకపోతే నేదమ్మా. వచ్చీవోలు ఇంకా ఎవులైనా ఉంటారు కదా."

ఆ పిల్ల మనసు కరిగి పెట్టె తాళం తీసింది. గవరయ్య కొట్టాడు. నేను మోగాను. పదిమైళ్ల అవతల మజ్జిగ తొణికింది.

తొణకలేదు లెండి. తాళం తీసిందన్నదీ నేను కల్పించిందే. గవరయ్య వేలి కణుపుతో అద్దం మీద ఒక్కసారి తట్టాడు. పొలాలవైపు తిరిగి, గంపలొచ్చి బండెక్కేంతసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత వెళ్లిపోయాడు.