నా బల్ల దగ్గర ఇంగ్లిష్

ఆదివారం పిల్లలు కాఫీకొస్తే కేకులోకి ప్లమ్ పళ్ళ గింజలు తీయడం మొదలు గిన్నెలు తోమడం దాకా అంతా నా పనే. బల్ల దగ్గర నోరు విప్పడం మాత్రం నా పని కాదు.

మా కోడలు లియొనోర్‌ది పోర్చుగల్. ఇప్పుడు ఐదో నెల. ఆ పిల్ల కూడబలుక్కుని జర్మన్‌లో ఒక్క మాట అనేలోపే మావాళ్ళు ఇంగ్లిష్‌లోకి దూకేస్తారు. అది మర్యాదట. మా లైప్‌జిగ్‌లో ఎక్కడ చూసినా ఇదే మర్యాద. మా ఆఫీసులోనూ అంతే, అందరూ జర్మన్లే అయినా మధ్యలో ఒక్క డచ్చివాడుంటే చాలు, మీటింగంతా ఇంగ్లిషే. నేను తలూపుతూ కూర్చుంటాను. బెర్లిన్ గోడ కూలకముందు ఇది తూర్పు జర్మనీ, మా బళ్ళో రష్యన్ నేర్పారు మరి. మా ఆయన డెట్లెఫ్ హానోవర్‌లో, అంటే పశ్చిమ జర్మనీలో పెరిగినవాడు. ఇంగ్లిష్ ఆయనకి మంచినీళ్ళప్రాయం. "రష్యన్ చదివినదానివి, నీకెందుకులే ఇవన్నీ" అనడం పెళ్ళయిన కొత్తలోనే మొదలుపెట్టాడు. బల్ల దగ్గర ఇంగ్లిష్‌లో ఏదో అనుకుని అందరూ విరగబడి నవ్వుతారు. ఏమిటని అడిగితే "ఏం లేదు, వాన గురించి" అంటాడు. అంతసేపు నవ్వుకి వానేమిటో నాకు అర్థం కాదు.

అమ్మ చివరి రోజుల్లో ఇదే బల్ల దగ్గర కిటికీ పక్కన కూర్చునేది. ఒకనాడు ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది. "గుడ్రున్, నేను పోయాక నా గురించి కూడా ఆ భాషలోనే చెప్పుకుంటారా? నాకెలా తెలుస్తుందే?" అని అడిగింది. అమ్మ పోయింది. కానీ ఇంగ్లిష్ మొదలవగానే వచ్చి అక్కడే కూర్చుంటుంది, అందరి పెదాలూ చూస్తూ. నేనూ అవే పెదాలు చూస్తుంటాను. చచ్చిపోయింది ఆవిడా నేనా అని ఒక్కోసారి భయమేస్తుంది.

ఇవాళ వాళ్ళ మాటల్లో నా పేరు వినపడింది. డెట్లెఫ్ నావైపు చెయ్యి చూపించి నవ్వాడు. మా అబ్బాయి హెన్నింగ్ కూడా నవ్వాడు. లియొనోర్ నవ్వలేదు. ఖాళీ కాఫీ జగ్గు పట్టుకుని నేను వంటింట్లోకి వెళ్తే వెనకే వచ్చింది.

"అత్తయ్యా, నేను జర్మన్ నేర్చుకున్నాను. ఎవ్వరూ మాట్లాడనివ్వరు," అంది మాటమాటకీ ఆగుతూ. "మీరు ఉద్యోగం మానేస్తారట. బిడ్డని రోజూ మీరే చూస్తారట. పొద్దస్తమానం ఇంగ్లిష్ పాటలు పెడితే చాలట, మీరేం మాట్లాడక్కర్లేదట. మీకిష్టమేనా?"

"ఎవరన్నారమ్మా?"

"ఇప్పుడే అన్నారు. మీ ముందే."

నా ఎదురుగానే, నేను వడ్డించిన కేకు తింటూనే, నా రోజులన్నీ పంచేసుకున్నారు. కోపంకన్నా ముందు సిగ్గేసింది. ఆ పిల్ల నా మొహంలోకే చూస్తూ జవాబు కోసం నిలబడింది. ఈ ఇంట్లో నా జవాబు కోసం ఎవరైనా ఆగి ఎంత కాలమైందో. కాఫీ పెట్టకుండానే వెనక్కి వెళ్ళి కూర్చున్నాను.

"కాఫీ ఏదోయ్?" అన్నాడు డెట్లెఫ్.

"హెన్నింగ్, నువ్వు నన్నొకటి అడగాలిరా," అన్నాను. "జర్మన్‌లో అడుగు. కుదరదని నేనూ జర్మన్‌లోనే చెప్తాను."